అన్న ఫోటో ఉన్న గైడు

పోయిన వారం మా పక్కింటి అమ్మాయి ఫోను పట్టుకొని వచ్చింది. "ఆంటీ, ఆపరేటింగ్ సిస్టమ్ సర్టిఫికెట్ పరీక్ష రాస్తాండా. ఏ మెటీరియల్ చదవాల?" అని అడిగింది. ఫోనులో చూస్తే ఒకడు మూడు రోజుల్లో పాస్ అంటాడు, ఇంకొకడు గ్యారంటీ అంటాడు, మరొకడైతే అసలు చదవక్కరలేదు, తన దగ్గరున్న ప్రశ్నలు బట్టీ కొడితే చాలంటాడు. "పరీక్ష ఏ వెర్షన్ మీద?" అని అడిగాను. "అది చూడలేదు ఆంటీ" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళికొడుకెవరో తెలుసుకోకుండా శుభలేఖలు అచ్చు వేయించేవాళ్ళను ఏమనాలి? ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకొని వెళ్ళిపోయింది. పాపం, ఆ తిట్లన్నీ ఆమెవి కావు. ఎప్పటివో బాకీ పడినవి.

నేను ప్రొద్దుటూరులో కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్లో ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మాది పులివెందుల. సెంటరు ఒక బట్టల అంగడి పైన మేడలో ఉండేది. కింద చీరల బేరాలు, పైన మా కీబోర్డుల చప్పుడు. ఇంకా ఫ్లాపీలు వాడుతున్న రోజులు. చదువుకున్న నిరుద్యోగులకు ప్రభుత్వం ఒక పథకం పెట్టి, మా సెంటరుకు ఒక బ్యాచిని అప్పజెప్పింది. మేం వాళ్ళకు ఆపరేటింగ్ సిస్టమ్ నేర్పాలి. చివర్లో కడపకు పోయి కంప్యూటర్ ముందు కూర్చొని వాళ్ళు సర్టిఫికెట్ పరీక్ష రాయాలి. ఒక్కసారికే ఫీజు ప్రభుత్వం కడుతుంది. పాసైనవాళ్ళను పనిలోకి తీసుకుంటానని బెంగుళూరులో చిన్న కంపెనీ ఉన్న ఒకాయన, మా సెంటరు నడిపే కరస్పాండెంటుకు మాట ఇచ్చాడు.

పిల్లలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పెద్దముడియం, పులివెందుల వైపుల నుంచి వచ్చేవాళ్ళు. పిల్లలంటే మీసాలొచ్చిన పిల్లలు, ఇద్దరు ముగ్గురు పెళ్ళయిన ఆడవాళ్ళు కూడా. మొదటి రోజు నేను తరగతిలోకి పోయేసరికి కిటికీ వైపు బెంచీలన్నీ ఒక పార్టీ ఊళ్ళ వాళ్ళవి, గోడ వైపు బెంచీలు ఇంకో పార్టీ ఊళ్ళ వాళ్ళవి అయిపోయి ఉన్నాయి. ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే సర్దుకున్నారు. టీ కూడా అంతే. ఎదురుగా ఉన్న టీ బంకు ఒక పార్టీ వాళ్ళది కాబట్టి, రెండో పార్టీ వాళ్ళు మంచి టీ వదిలేసి సందు చివరిదాకా పోయి కషాయం తాగి వచ్చేవాళ్ళు. ఇప్పటి పిల్లలకు ఇది నవ్వులాటగా ఉంటుంది. ఆ రోజుల్లో ఏ బంకులో టీ తాగావన్నది సాయంత్రానికి ఊరికి తెలిసేది.

మెటీరియల్ ఎంచుకోవడానికి నాకొక పద్ధతి ఉండేది. ముందు పరీక్ష పెట్టేవాళ్ళ సిలబస్ కాగితం తెప్పించుకోవాలి. అది ఏ వెర్షనో చూడాలి. తర్వాత ఆ వెర్షన్‌కే రాసిన పుస్తకం పట్టుకోవాలి. చదివింది చదివినట్టు మిషన్ మీద చేసి చూడాలి. ప్రశ్నల బట్టీ అన్నిటికన్నా చివర, అది కూడా మనకు ఎంత వచ్చిందో తెలుసుకోవడానికే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నేను బెంగుళూరు నుంచి సరైన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెప్పించాను. అది రోకలిబండంత బరువు. దాన్ని చూడగానే తరగతి మొత్తం నీరుగారిపోయింది. సరే, దాన్ని పట్టుకొని తెలుగులో నోట్సు రాసి జెరాక్సు తీయించి ఇస్తానని మాటిచ్చాను. సగం రాశాను కూడా.

ఇంతలో ఒక పార్టీ నాయకుడికి విద్యాదానం చేయాలని బుద్ధి పుట్టింది. మా సెంటరు ముందే షామియానా వేశారు. కిందనున్న బట్టల అంగడి ఆరోజు మూసేయించారు. అందరూ అన్న అని పిలిచే ఆ నాయకుడు వచ్చి, ఎక్కడో చవగ్గా అచ్చయిన తెలుగు గైడును ఉచితంగా పంచాడు. అట్ట నిండా ఆయన నమస్కారం పెడుతున్న ఫోటో. పుస్తకం పేరు ఆయన మోచేతి కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. నేను నిలుచున్నచోటే నాలుగు పేజీలు తిప్పాను. ఆపరేటింగ్ సిస్టమ్ పాత వెర్షన్‌ది. అది కూడా తప్పులతో. స్టేజీ దిగుతూనే కరస్పాండెంటును పట్టుకున్నాను.

"సార్, ఇది పాతది. మన పరీక్ష కొత్త వెర్షన్ మీద. ఇది చదివితే ఫెయిలవుతారు."

"గమ్మునుండు తల్లీ" అన్నాడాయన, దండ పట్టుకొని స్టేజీ వైపే చూస్తూ. "అన్న ఇచ్చిన బుక్కు తప్పని నా నోటితో చెప్పమంటావా? పైమేడ మిగుల్తాదా మనకు?"

అంతటితో అయిందా? వారం తిరక్కుండా రెండో పార్టీ నాయకుడు కూడా షామియానా వేశాడు. ఆయన గైడు ఇవ్వలేదు, "అసలు పరీక్షలో వచ్చే ప్రశ్నలు" అని ఒక బిట్‌బ్యాంకు ఇచ్చాడు. అట్ట మీద ఈయన ఫోటో ఇంకా పెద్దది. అందులో ప్రశ్నలు ఉన్నాయి, జవాబులు ఉన్నాయి, ఆ జవాబుకు ఈ ప్రశ్న ఎందుకు అన్నది మాత్రం దేవుడికే తెలియాలి. కిటికీ వైపు వాళ్ళు గైడు, గోడ వైపు వాళ్ళు బిట్‌బ్యాంకు చంకలో పెట్టుకొని తిరగడం మొదలుపెట్టారు. ఏ పార్టీకీ చెందని ప్రొద్దుటూరు టౌను పిల్లలు రెండూ తీసుకున్నారు, రెండూ చదివి రెండింతలు చెడిపోయారు. నేను నోట్సు పూర్తిచేసి ఆ జెరాక్సు కాగితాలు చేతిలో పెడితే, "దీని మీద ఎవురి ఫోటో లేదే మేడమ్, ఊళ్ళో ఏమంటారో" అన్నాడొకడు. నా ఫోటో వేయమంటావా అని అడిగాను. ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాడు, దరిద్రుడు!

మా ల్యాబులో మిషన్లు చూసుకునే ఆయనను అందరం భాయ్ అనేవాళ్ళం. నేను తల పట్టుకొని కూర్చుంటే ఆయన గైడూ బిట్‌బ్యాంకూ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "మేడమ్, తోలు వాళ్ళదే ఉండనీ. లోపల మాంసం మార్చేద్దాం" అన్నాడు. అంతే. పిన్నులు ఊడదీసి, లోపలి పేజీలు తీసేసి, నా నోట్సు పెట్టి మళ్ళీ కుట్టేశాం. ఎవరి అట్ట వాళ్ళకు. బస్సులో అన్న కనపడతాడు, ఇంట్లో అన్న కనపడతాడు, లోపల మాత్రం సిలబస్ ఉంటుంది. ప్రజాస్వామ్యానికి నేను చేసిన సేవ అంతకు మించి లేదు.

అందరికీ కుదిరిన ఈ ఉపాయం ఒక్కడికి కుదరలేదు. పెద్దముడియం దగ్గర ఒక పల్లె నుంచి వచ్చేవాడు. గొర్రెలు కాచుకునే ఇల్లు. తండ్రికి కాలు బాగలేదు, సాయంత్రం బస్సుకు పోయి ఇతనే మందను దొడ్డికి తోలాలి. మిషన్ ముందు కూర్చుంటే నిదానంగా, ఇష్టంగా పనిచేసేవాడు. అతని మేనమామ, ఫోటోలో ఉన్న అన్న జీపులో తిరిగే మనిషి. జీపులో తిరగడమంటే మీకు తెలియకపోవచ్చు. ముందు అన్న కూర్చుంటాడు, వెనక నలుగురు, వాళ్ళ కాళ్ళ దగ్గర గోనెసంచి. సంచిలో ఏముంటుందో ఎవరూ అడగరు. ఆ నలుగురిలో ఒకతని చెయ్యి అంతకు ముందే ఆ సంచి వల్లే పోయింది. ఆ ఖాళీలోకి ఈ అబ్బాయిని రమ్మంటున్నారు. మేనమామ ఒక మాటన్నాడట, "పరీక్ష పాసైతే నీ దావన నువ్వు బెంగుళూరు పో. లేదంటే జీపెక్కు. అన్నకు ఇంగ నేను సాకులు చెప్పలేను."

ల్యాబులో పెట్టిన మోడల్ పరీక్షలో ఇతను తప్పులు రాశాడు. ఒక ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. కంప్యూటర్ తెరవగానే పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది కదా, పాస్‌వర్డ్ తెలియనివాడు ఎస్కేప్ బటన్ నొక్కితే ఏమవుతుంది? పాత వెర్షన్‌లో అయితే నేరుగా లోపలికి పోవచ్చు. అది పేరుకే తలుపు. కొత్త వెర్షన్‌లో అట్లా కుదరదు, తలుపు నిజంగా తలుపే. నేను తరగతిలో అందరిచేతా చేయించి చూపించిన విషయం అది. ఇతను "లోపలికి పోవచ్చు" అని పెట్టాడు.

"నీ చేత్తో నువ్వే చేసి చూశావు కదరా, కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అని అరిచాను.

"తెల్సు మేడమ్" అన్నాడు తల దించుకొని. "అన్న స్టేజీ మీదికి మా మామను పిల్సి ఒక బుక్కు ఆయన చేతికే ఇచ్చినాడు. అది దేవుని పటాల కాడ పెట్టుకున్నాడు. పొద్దుగూకినాక అరుగు మీద జీపోళ్ళంతా కూర్చొని ఆ బుక్కులో నుంచి నన్ను ప్రశ్నలు అడుగుతారు. బుక్కులో ఉన్నట్టే చెప్పాల. చెప్పకుంటే సదవలేదంటారు."

"తప్పని చెప్పొచ్చు కదా!"

"అన్న బుక్కు తప్పనా?" అని నా వైపు చూశాడు. "ఆడ కూర్చొనా?"

 ఇంటికి పోవద్దు, పరీక్షదాకా భాయ్ వాళ్ళింట్లో ఉండమన్నాను. గొర్రెలెవరు తోలుతారన్నాడు. అట్లా పగలు నా దగ్గర ఒక జవాబు, సాయంత్రం అరుగు మీద ఇంకో జవాబు నేర్చుకుంటూ పరీక్షదాకా వచ్చాడు.

కడపకు అందరం ఆర్టీసీ బస్సులోనే పోయాం. బస్సులో కూడా కిటికీ వైపు, గోడ వైపు లెక్కలే. పరీక్ష అయిపోగానే ఫలితం తెర మీదే కనపడుతుంది. ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు, పాస్, పాస్ అంటున్నారు. రెండు పార్టీల వాళ్ళూ మొదటిసారి ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నా గుండె నిండిపోయింది. పెద్దముడియం అబ్బాయి అందరికన్నా చివర వచ్చాడు. అతని ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది.

"రోంతలో పోయింది మేడమ్, రెండు మూడు మార్కులే" అన్నాడు. "ఆ పాస్‌వర్డ్ ప్రశ్న వచ్చింది. తెల్సు నాకు. కానీ అది కనపడంగానే అరుగు మీద చెప్పేదే వచ్చేసింది. ఇంకో నాలుగైదుట్లో కూడా అట్లే."

తిడదామని నోరు తెరిచాను. ఎవరిని తిట్టాలో తెలియలేదు. గైడు అచ్చేసినవాణ్ణా, పంచినవాణ్ణా, దండ పట్టుకున్న మా కరస్పాండెంటునా? ఆ కోపంతోనే మర్నాడు జమ్మలమడుగు పోయి, అక్కడ బస్సు మారి, వాళ్ళ ఊరు చేరాను. వెళ్ళొద్దని భాయ్ మొత్తుకున్నాడు. నేను పులివెందుల దాన్ని, నాకు జీపులు కొత్తా అన్నాను. నిజం చెప్పాలంటే, తిరుగు బస్సు ఎన్నింటికో దిగకముందే కండక్టరును అడిగి పెట్టుకున్నాను.

బస్సు ఆగే చోటే టీ అంగడి, దాని పక్కనే ఆ అరుగు. జీపు నీడలో నిలబెట్టి ఉంది. మేనమామ నల్లగా, బక్కగా ఉన్నాడు. నేను ఊహించుకున్న మనిషి కాదు. నాకు మంచం వాల్చి, మజ్జిగ తెప్పించాడు. పిల్లవాడు గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

"ఇంకోసారి రాయించండి. తప్పకుండా పాసవుతాడు" అన్నాను.

అరుగు మీద ఒకతను అందుకున్నాడు. "బుక్కు మొత్తం అప్పజెప్పినాడు మేడమ్, మేమే అడిగినాం. ఒక్కటి తప్పు పోలేదు. మరెట్ల ఫెయిలైతాడు? ఆ కడప సెంటరోడు ఎవురి మనిషి?"

"అక్కడ మనిషి ఎవరూ దిద్దరు. కంప్యూటరే దిద్దుతుంది" అన్నాను.

"ఆ కంప్యూటర్ను ఎవురు పెట్టించినారు?" అన్నాడు ఇంకొకతను. "అది వాళ్ళ పార్టీ వాళ్ళే పెట్టించింటారు. అన్న బుక్కు సదివినోళ్ళను తీసేసినారు, అంతే."

నాకు సహనం చచ్చింది. "కంప్యూటరుకు పార్టీ ఏందయ్యా, నీ తలకాయ! అసలు ఆ గైడే..." అని మొదలుపెట్టాను.

"నేనే సరిగ్గా సదవలేదు మామా" అని పిల్లవాడు గట్టిగా అడ్డం వచ్చాడు. "బుక్కు బాగుండాది. నా తలకెక్కలేదు."

 అప్పటికి నా మట్టిబుర్రకు అర్థమైంది. గైడు తప్పని నేను పూర్తిగా అని ఉంటే, ఆ మాట ఆ రోజే అన్నకు చేరేది. ఆ గైడును దేవుని పటాల దగ్గర పెట్టుకున్న మేనమామ ఇంట్లోంచి చేరేది. పిల్లవాడు తనకు తాను మొద్దు అనిపించుకొని మామను కాపాడాడు. మేనమామ అతనివైపు చాలాసేపు చూశాడు. "సరే, మాట మాటే" అన్నాడు. "రేపట్నుంచి జీపెక్కు."

బస్సు వచ్చే వేళయిందని నేను లేచాను.  బస్సు వస్తుందేమో చూద్దామన్నట్టు మేనమామ నాతో రోడ్డు మలుపుదాకా నడిచాడు. అరుగుకు మాట వినపడనంత దూరం వచ్చాక ఆగాడు.

"మేడమ్, నాకు సదువు రాదు. ఆ బుక్కు తప్పా?"

"తప్పే."

"ఎంత తప్పు?"

చెప్పాను. ఆ తలుపు సంగతే చెప్పాను. పాత ఇంటికి తలుపు తోస్తే తెరుచుకునేది, కొత్త ఇంటికి తాళం ఉంది, మీవాడికి మీరంతా కలిసి రోజూ పాత తలుపు తోయడం నేర్పారు అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. దూరంగా బస్సు దుమ్ము కనపడింది.

"రేయ్, ఇట్రా!" అని ఉన్నట్టుండి కేకేశాడు. పిల్లవాడు పరిగెత్తుకొచ్చాడు. వాడి మెడ పట్టుకొని టీ అంగడి దాకా లాక్కుపోయి, అరుగు మీదున్న అందరూ వినేలా అరవడం మొదలుపెట్టాడు. "ఈ నాయాలు జీపుకు గూడా పనికిరాడప్పా! మాట కోసరం ఎక్కమన్నా గానీ, రాత్రి ఇంటికాడ అడిగినా, ఎక్కుతావేరా అని. గజగజ వణికి కాళ్ళు పట్టుకున్నాడు. మొన్న తిరణాల్లో టపాకాయ పేలితే గొర్రెల మధ్య దూరినాడు. ఇట్లాంటి పిరికినాయాల్ని వెనక కూర్చోబెట్టుకుంటే అన్నకే ముప్పు. మా ఇంట్లో పుట్టాల్సినోడు కాదు వీడు! తీస్కపో మేడమ్, యాడన్నా పడేయ్ వీన్ని!"

అరుగు మీద వాళ్ళు పగలబడి నవ్వారు. టీ అంగడామె కూడా నవ్వింది. పిల్లవాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఊళ్ళో మగవాణ్ణి ఏమన్నా అనొచ్చు, పిరికివాడని మాత్రం అనకూడదు. మేనమామ వాణ్ణి కట్టుబట్టలతో బస్సులోకి తోసేశాడు. నేను ఎక్కబోతూ, "మనిషివేనా నువ్వు?" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "పిరికోడని పేరు పడితే వాన్ని ఇంగ ఎవురూ పిలవరు మేడమ్. ఈ మాట వానికి చెప్పొద్దు. తెలిసిందంటే రోషానికి దిగొస్తాడు."

పిల్లవాడు వెనక సీట్లో అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.  నాకు ఏదీ కడుపులో దాగదు. అయినా ఈసారి పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

అతన్ని భాయ్ వాళ్ళింట్లో పెట్టాం. గొర్రెలను మేనమామే ఎవరికో ఒప్పజెప్పాడని తర్వాత తెలిసింది. రెండోసారి ఫీజు మా కరస్పాండెంటు చేతే కట్టించాను. ఎలా అన్నది వదిలేయండి, ఆయన ఇంకా బతికే ఉన్నాడు. ఈసారి అరుగు లేదు, గైడు లేదు. రోజంతా మిషన్ ముందరే ఉంచాను. పాస్‌వర్డ్ తెర ముందు కూర్చోబెట్టి ఎస్కేప్ బటన్‌ను విసుగొచ్చేదాకా నొక్కించాను. "ఇంగ చాలు మేడమ్, ఈ తలుపు నా కలలోకి వస్తాంది" అనేవాడు. కడపలో మళ్ళీ రాశాడు. బయటికి వచ్చి పాస్ అన్నాడు, కానీ నవ్వలేదు. "మా మామ ముందర ఈ కాగితం పారేసి పోతా" అన్నాడు.

ఇంక నాకు ఆగలేదు. అక్కడే, పరీక్ష సెంటరు మెట్ల మీదే, కిటికీ దగ్గర ఆయనన్న మాట చెప్పేశాను. మెట్ల మీద అట్లాగే కూలబడి చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

బెంగుళూరు పోయే ముందు ఊరికి పోయి మామ కాళ్ళకు మొక్కాడట. అరుగు మీద అందరూ ఉన్నారట. మామ కాళ్ళు వెనక్కి తీసుకొని, ముఖం కూడా చూడకుండా, "బస్సుకు టైమైతాంది, పో రా పిరికోడా" అన్నాడట.

ఆ తర్వాతి ఎన్నికలకు ముందు ఆ జీపు మీద బాంబులు పడ్డాయి. అన్న ఆరోజు జీపులో లేడు. మేనమామ ఉన్నాడు. ఈ అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చాడు. నేనూ భాయ్ కూడా పోయాం. శవం లేవకముందే జీపు మనుషులు చెవులు కొరుక్కుంటున్నారు, ఈ చావుకు బదులు ఇంటి నుంచి ఎవరు నిలబడతారని. వాళ్ళ చూపులు ఒక్కొక్కరి మీదుగా నడిచి మేనల్లుడి దాకా వచ్చాయి.  అప్పుడొక ముసలాయన చెయ్యి విదిల్చాడు. "వాడా? వాన్ని వాళ్ళ మామే చెప్పినాడు గదప్పా, వాడు పిరికోడు" అన్నాడు. చూపులు అతన్ని దాటుకొని పోయాయి.

అతనికి ఆ మాట స్పష్టంగా వినపడింది. నేను పక్కనే ఉన్నాను. తిరుగు బస్సు కోసం నిలబడినప్పుడు, నాకున్న నోటిదురుసు కొద్దీ అన్నాను, "ఎన్నాళ్ళు పడతావురా ఆ మాట? ఏదో ఒకనాడు వీళ్ళకు నిజం చెప్పు."

అతను రోడ్డు వైపే చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

"మామ పెట్టిన పేరు మేడమ్. ఉండనీ."